లష్కర్‌లో ఇంగ్లిష్ ఊరి గుడి

సికింద్రాబాద్ చరిత్ర ధారావాహిక – 9

గత భాగం హుస్సేన్‌సాగర్‌కు ఈశాన్యాన డేరాలు వేసుకున్న కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) దండు దగ్గర ఆగింది. ఆ దండును తెచ్చింది 1798 సెప్టెంబరులో నిజాం అలీ ఖాన్ ఒప్పుకున్న సైన్య సహకార సంధి. 1806లో సికందర్ జా పేరు తగిలి దండు కాస్తా ఊరైంది. జనం మాత్రం లష్కర్ అనే పిలిచారు. బోనాలప్పుడు ఇప్పటికీ అదే పేరు. ఆ డేరాల నడుమ లేచిన చర్చిల కథ ఈ భాగం.

1983 నవంబరు 20, ఆదివారం. బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చికి ఒక జంట ఆరాధనకు వచ్చింది. సరిగ్గా 36 ఏళ్ల కిందట అదే తేదీన లండన్ వెస్ట్‌మినిస్టర్ అబేలో వారి పెళ్లి జరిగింది. వచ్చినవారు ఎలిజబెత్ రాణి, ఆమె భర్త ఫిలిప్. ఢిల్లీలో కామన్వెల్త్ దేశాల సమావేశం కోసం భారతదేశం వచ్చిన రాణి హైదరాబాద్ కూడా చూశారు. పెళ్లిరోజు ప్రార్థనకు ఆమె అడుగుపెట్టిన చర్చిలో కళ్లకు కొత్తగా తోచేదేమీ ఉండి ఉండదు. మొన తేలిన కిటికీలు, రంగుటద్దాలు, పైకప్పు అంచున సూదుల్లా నిలబడ్డ శిఖరాలు: ఇంగ్లండులో ఏ పల్లెకు వెళ్లినా కనిపించే ఆకారాలే అవి.

ఇంగ్లండు పల్లెలో ఆ గుడి ఎందుకుందో తెలుసు. అక్కడ ఊరుంది. బొల్లారంలో ఉన్నది దండు. ఊరు లేని చోటికి ఊరి గుడి ఎలా వచ్చింది? వచ్చాక ఏమైంది?

ఊరి గుడి అంటే

ముందు అసలు సంగతి చూడాలి. ఇంగ్లండులో పారిష్ అంటే ఒక గుడి కింద ఉండే ఊరు, దాని పొలిమేరలు. పొలిమేర లోపల పండిన ప్రతి పంటలో పదో వంతు గుడికి చెందాలి. గోధుమ పనల్లో పదో పన, గొర్రె పిల్లల్లో పదో పిల్ల. తెలుగు క్రైస్తవులు ఇవాళ ఇష్టంతో ఇచ్చే దశమభాగం అక్కడ మధ్యయుగాల్లో చట్టం. ఇవ్వకపోతే చర్చి కోర్టుకు ఎక్కాల్సిందే.

కట్టడం తీరు తెలుగువాడికి తేలిగ్గా అర్థమవుతుంది. జనం నిలబడే పొడవాటి శాలను నేవ్ అంటారు. ఓడ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. మన గుళ్లలో మండపం లాంటిది. దాని తూర్పు కొసన, కాస్త ఇరుకుగా, గురువు పూజ జరిపే భాగం చాన్సెల్, గర్భాలయం అనుకోవచ్చు. పడమటి కొసన గంటల బురుజు. గుమ్మం దగ్గర బాప్తిస్మపు తొట్టి, ఎందుకంటే సంఘంలోకి ప్రవేశం అక్కడే. ప్రాంగణం నిండా సమాధులు.

ఈ రెండు భాగాల మధ్య గీత రాతిలోనే కాదు, లెక్కల్లోనూ ఉండేది. నేవ్ కప్పు కారితే ఊరివాళ్లు బాగుచేయించాలి. చాన్సెల్ కారితే దశమభాగం తినేవాడు బాగుచేయించాలి. ఆ బాధ్యత భూమికి అంటుకుని తరతరాలు నడిచింది. వారిక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో అనే పల్లెలో ఒక దంపతులకు పొలంతో పాటు ఈ పాత బాకీ కూడా దక్కింది. వాళ్లు కోర్టుకెక్కితే 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చర్చి పక్షానే తీర్పు చెప్పింది. మధ్యయుగాల కప్పు మరమ్మతు 21వ శతాబ్దపు ఇంటి గుమ్మం తట్టిందన్నమాట.

ఈ గుళ్లు ఒక్కరోజులో కట్టినవి కావు. ఎసెక్స్‌లోని గ్రీన్‌స్టెడ్‌లో దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందట నిలువునా పాతిన ఓక్ దుంగల గోడ ఇంకా నిలిచి ఉంది. హెర్‌ఫర్డ్‌షైర్‌లోని కిల్పెక్‌లో 1140 ప్రాంతంలో చెక్కిన ఎర్రరాతి జంతువులు, వింత ముఖాలు చూరు కింద నుంచి తొంగిచూస్తాయి. మరో పాతికేళ్లకు, 1163లో, హనుమకొండలో వేయిస్తంభాల గుడి లేచింది. రామప్ప గుడి పూర్తయిన 1213 తర్వాత ఏడేళ్లకు సాలిస్‌బరీలో ప్రధాన చర్చికి పునాది పడింది. కాకతీయుల శిల్పులు, ఇంగ్లిష్ మేస్త్రీలు ఒకరి గురించి ఒకరు వినకుండానే ఒకే కాలంలో ఉలి పట్టారు.

డబ్బు ఎక్కడిది? 15వ శతాబ్దంలో తూర్పు ఇంగ్లండుకు గొర్రెలు డబ్బు తెచ్చాయి. సఫోక్‌లోని లావెన్‌హామ్ చిన్న ఊరు. అక్కడి చర్చి బురుజు మాత్రం 141 అడుగులు. ఉన్ని బట్టల వ్యాపారి థామస్ స్ప్రింగ్ కుటుంబం, ఆక్స్‌ఫర్డ్ ప్రభువు జాన్ డి వియర్ పోటీపడి పెట్టిన ఖర్చు అది. ఇలాంటివాటికి ఉన్ని చర్చిలని పేరే పడింది. ధనికులు లేని ఊళ్లలో జనమే పండగపూట బీరు కాచి అమ్మి, వచ్చిన డబ్బుతో కప్పు వేయించుకునేవారు. గుడి పేరున బీరా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. జాతర ఖర్చుకు కల్లు పాట పెట్టిన ఊళ్లు మనకూ తెలుసు.

లోపల గోడల నిండా బొమ్మలు. నేవ్‌కూ చాన్సెల్‌కూ నడుమ ఉన్న కమాను మీద తీర్పు దినం: పుణ్యాత్ములు ఒకవైపు, నోరు తెరిచిన నరకం ఇంకోవైపు. చదువు రానివాళ్లకు అదే గ్రంథం. 16వ శతాబ్దంలో రాజులు రోమ్‌తో తెగతెంపులు చేసుకున్నాక ఆ బొమ్మలకు సున్నం కొట్టేశారు. సాలిస్‌బరీలోని సెయింట్ థామస్ చర్చిలో సున్నం కిందినుంచి అలాంటి బొమ్మ ఒకటి 19వ శతాబ్దంలో బయటపడింది. ఇప్పుడు ఇంగ్లండు చర్చి అనగానే మనకు కనబడే తెల్లటి గోడ, ఆ లెక్కన, మధ్యయుగాలది కాదు. ఆ తర్వాతి వెల్లది.

బిషప్ రాకముందే

కుంఫిణీ దండుకు సికింద్రాబాద్‌లో కట్టిన మొదటి చర్చి సెయింట్ జాన్ ది బాప్టిస్ట్. 1813 నాటిది. మారేడ్‌పల్లి వైపు సెయింట్ జాన్స్ రోడ్డు ఆ చర్చి పేరునే మోస్తోంది. సికింద్రాబాద్‌లో ఇంతకన్నా పాత చర్చి లేదు. 1998లో ఇంటాక్ సంస్థ దీన్ని వారసత్వ పురస్కారంతో గౌరవించింది. 2013లో సంఘం రెండు వందల ఏళ్లు నింపుకుంది.

1813 అనే ఏడాదిని కాస్త ఆగి చూడాలి. అప్పటికి సికింద్రాబాద్ పేరుకు ఏడేళ్లు. భారతదేశం మొత్తంలో ఆంగ్లికన్ బిషప్ ఒక్కరూ లేరు. కలకత్తాకు మొదటి బిషప్ థామస్ మిడిల్టన్ వచ్చింది 1814లో. మద్రాసుకు డేనియల్ కోరీ బిషప్ అయింది 1835లో. కుంఫిణీకి మతబోధకులంటే అనుమానం. వ్యాపారం చెడుతుందని భయం. వాళ్లను రానివ్వాలనీ, బిషప్‌ను నియమించాలనీ లండన్ పార్లమెంటు చట్టం చేసింది కూడా 1813లోనే. అప్పటిదాకా దండులో ఉన్నది జీతం మీద పనిచేసే చాప్లిన్ దొరలు. పెళ్లిళ్లు చేయడం, పిల్లలకు బాప్తిస్మం ఇవ్వడం, అన్నిటికన్నా ఎక్కువగా పాతిపెట్టడం వాళ్ల ఉద్యోగం.

అప్పటికి మొన కమానుల గోథిక్ తీరు మీద మోజు ఇంజనీర్ల దాకా రాలేదు. కుంఫిణీ ఇంజనీర్ల చేతిలో ఉన్న నమూనా వేరు. లండన్‌లో జేమ్స్ గిబ్స్ 1726లో ముగించిన సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్ చర్చికి ముందు గ్రీకు గుడి స్తంభాలు, వెనక శిఖరం. 1728లో గిబ్స్ తన కొలతలన్నీ పుస్తకంగా అచ్చేశాడు. పుస్తకం ఓడెక్కింది. మద్రాసులో 1815 నాటి సెయింట్ జార్జ్ చర్చి, 1821 నాటి సెయింట్ ఆండ్రూస్ కిర్క్ ఆ నమూనా బిడ్డలే. అంటే 19వ శతాబ్దపు మొదట్లో ఇండియాలో ఇంగ్లిష్ చర్చి అంటే స్తంభాల వసారా. మొన కమాను అప్పటికి ఇంగ్లండులోనే పాతకాలపు సంగతి.

అదే 1813. అదే దండు. లష్కర్ జనం చెప్పుకునే ఇంకో కథ కూడా ఆ ఏడాదితోనే మొదలవుతుంది. సురిటి అప్పయ్య అనే డోలీ మోసే మనిషి ఈ పటాలంతో ఉజ్జయినికి వెళ్లాడు. ఆ సమయంలో హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో కలరా. ఊరు నిలబడితే నిన్ను మా ఊళ్లో నిలుపుకుంటామని ఉజ్జయినిలో మహంకాళికి మొక్కుకున్నాడు. 1815లో తిరిగొచ్చి చెక్క విగ్రహం ప్రతిష్ఠించాడు. ఇవాళ లక్షల జనం బోనమెత్తే ఉజ్జయిని మహంకాళి గుడి అదే. దొరలకు చర్చి, డోలీ బోయీకి అమ్మవారు. దండు ఒకటే, భయం ఒకటే.

రెండిటి మధ్య తేడా ఒకటుంది. అప్పయ్య గుడికి ఊరు తోడొచ్చింది. చర్చికి తోడున్నది పటాలం, పటాలానికి కొన్నేళ్లకోసారి బదిలీ.

మొన కమాను మళ్లీ వచ్చింది

1817లో థామస్ రిక్‌మన్ అనే ఇంగ్లిష్ గుమాస్తా ఒక పని చేశాడు. పాత చర్చిలన్నీ తిరిగి, కిటికీల ఆకారాన్ని బట్టి వాటిని కాలాలుగా విడగొట్టి పుస్తకం వేశాడు. నార్మన్, తొలి ఇంగ్లిష్, అలంకృత, నిలువుగీతల తీరు అనే విభజన ఆయనదే. నేటికీ పాఠ్యపుస్తకాలు దాన్నే వాడతాయి. ఏ గోడ ఏ శతాబ్దానిదో చెప్పగలిగాక ఆ గోడల మీద ప్రేమ పుట్టింది.

ప్రేమను పట్టుదలగా మార్చింది ఇంగ్లిష్ వాస్తుశిల్పి పూజిన్. మొన కమాను క్రైస్తవమనీ, గ్రీకు స్తంభం అన్యమతమనీ 1836లో ఆయన పుస్తకం తెగేసి చెప్పింది. కాలిపోయిన లండన్ పార్లమెంటు భవనాన్ని గోథిక్‌లో తిరిగి కట్టడంలో చార్లెస్ బారీకి కుడిభుజం ఆయనే. 1839లో కేంబ్రిడ్జి కుర్రాళ్లు ఒక సంఘం పెట్టి, మధ్యయుగపు పల్లె చర్చే అన్ని చర్చిలకూ కొలబద్ద అని పత్రిక నడిపారు. చాన్సెల్ పొట్టిగా ఉంటే తిట్టారు, గ్యాలరీలు కడితే తిట్టారు. వలస దేశాల్లో కట్టే చర్చిలకూ సలహాలు పంపారు.

ఆ గాలి బొల్లారం చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. విక్టోరియా రాణి సొంత సొమ్ము ఇచ్చిందనీ, నిజాం స్థలం ఇచ్చాడనీ చర్చి చెప్పుకునే చరిత్ర. సెయింట్ జాన్స్‌కూ దీనికీ నడుమ 34 ఏళ్లు, కొద్ది మైళ్లు. ఆ దూరంలో ఇంగ్లండు మనసు గ్రీకు నుంచి గోథిక్‌కు తిరిగిపోయింది.

బొల్లారం దండు వేరే దండు. సికింద్రాబాద్‌లోది కుంఫిణీ సైన్యం. బొల్లారంలోది హైదరాబాద్ కాంటింజెంట్: పేరుకు నిజాంది, పెత్తనం ఇంగ్లిష్ అధికారులది, జీతాల భారం నిజాం ఖజానాది. నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి, అంటే రెసిడెంట్, హెన్రీ రసెల్ కాలంలో రసెల్ బ్రిగేడ్‌గా మొదలై పెరిగింది. జీతాలకు అప్పులు, అప్పులకు వడ్డీలు. చివరికి 1853లో ఆ ఖర్చు కింద బేరారు జిల్లాలను నిజాం కుంఫిణీకి అప్పగించాల్సి వచ్చింది. బేరారు అంటే నల్లరేగడి, పత్తి. లావెన్‌హామ్ బురుజు సఫోక్ ఉన్ని మీద లేచింది. బొల్లారంలో ఆదివారం బల్లల మీద కూర్చున్న అధికారుల జీతం దక్కన్ రైతు పన్ను మీద నడిచింది. పల్లె చర్చికి దశమభాగం కట్టిన ఇంగ్లిష్ రైతుకు ఆ గుడిలో నిలబడే చోటైనా ఉండేది. బేరారు రైతుకు బొల్లారం ఎక్కడుందో కూడా తెలియదు.

కాంటింజెంట్ లోపల మంట రాజుకుంటూనే ఉంది. 1855 సెప్టెంబరులో, మొహర్రం ఊరేగింపు విషయంలో తగాదా ముదిరి, ఇదే బొల్లారంలో గుర్రపు దళం సిపాయిలు బ్రిగేడియర్ కోలిన్ మెకెంజీ మీద కత్తులు దూశారు. ఆయన తీవ్రంగా గాయపడి బతికాడు.

మేస్త్రీకి తెలిసిన కమాను

మొన కమాను ఇంగ్లండు నుంచి వచ్చిందని దొరలు అనుకుని ఉండవచ్చు. హైదరాబాద్ మేస్త్రీకి అది తాతలనాటి విద్య. 1591 నాటి చార్మినార్ నాలుగు దిక్కులా తెరుచుకునేది మొన కమానులతోనే. గోల్కొండ దర్వాజాలు, కుతుబ్‌షాహీ సమాధులు, పాతబస్తీ మసీదులు, అన్నిటా అదే. లండన్ సెయింట్ పాల్స్ చర్చి కట్టిన క్రిస్టఫర్ రెన్ గోథిక్ తీరు అసలు అరబ్బుల నుంచి ఐరోపాకు వచ్చిందని 300 ఏళ్ల కిందటే వాదించాడు. ఆ వాదం ఎంతవరకు నిజమన్నది పండితుల తగువు. దక్కన్‌లో గోథిక్ నక్షా చూసిన తాపీ మేస్త్రీకి మాత్రం కమాను ఎలా తిప్పాలో ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

ఇబ్బంది రాయితో. ఇంగ్లిష్ కిటికీల్లో రాతిని లతల్లా, రేకుల్లా చెక్కగలిగారంటే అక్కడి సున్నపురాయి మెత్తన. ఇక్కడున్నది గ్రానైట్. ఉలి విరుగుతుంది తప్ప లత లేవదు. అందుకు దక్కన్ పనివాళ్ల దగ్గర పాత మందు ఉంది: గచ్చు. సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి, గానుగలో నూరి, తడి ఆరకముందే వేళ్లతో, చిన్న తాపీతో పువ్వులు తీసేవారు. చార్మినార్ మీది నగిషీ అంతా గచ్చు పనే. దక్కన్ చర్చిల్లో రాతి పనిలా కనబడే చాలా నగిషీ కూడా సున్నమే.

ఎండ సంగతి ఇంకోటి. ఇంగ్లండులో కిటికీ వెలుగు కోసం పెద్దదవుతూ పోయింది, మబ్బు దేశం. ఇక్కడ వెలుగు ఎక్కువై గోడలు మందమయ్యాయి, వసారాలు వచ్చాయి, కిటికీలకు వాలు పలకల తలుపులు వచ్చాయి. కరెంటు రాకముందు కంటోన్మెంట్ చర్చిల్లో నేవ్ పొడవునా గుడ్డ పంకాలు వేలాడేవి. వాటి తాళ్లు గోడ బయట కూర్చున్న మనిషి లాగేవాడు. ప్రసంగం ఎంతసేపు సాగితే తాడు అంతసేపు ఆడాలి. ఏ మధ్యయుగపు నక్షాలోనూ లేని మనిషి ఆ పంకావాలా.

ఇదే కాలంలో కాథలిక్కులు కూడా లష్కర్‌లో గోథిక్ చర్చి లేపారు. నేటి సరోజినీదేవి రోడ్డులోని సెయింట్ మేరీస్‌కు 1840లో పూనుకున్నది ఐర్లండ్ నుంచి వచ్చిన ఫాదర్ డేనియల్ మర్ఫీ. 1850కి అది పూర్తయింది. దండులోని ఐరిష్ సిపాయిలు ఆయన మంద. ఆయన తర్వాత హైదరాబాద్‌కు బిషప్ అయి, ఆ మీదట ఆస్ట్రేలియా దాపున టాస్మానియా ద్వీపంలోని హోబార్ట్‌కు వెళ్లి ఆర్చిబిషప్‌గా కన్నుమూశారు. 2008లో ఆ చర్చికి బసిలికా హోదా దక్కింది.

తుపాకీతో ప్రార్థన

1857 మే 10 సాయంత్రం మీరట్‌లో తిరుగుబాటు లేచింది. ఆదివారం. తెల్ల సిపాయిలు ఆరాధనకు సిద్ధమవుతున్న వేళ. జులై 17న ఆ మంట హైదరాబాద్‌కు తాకింది: తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ ముందు నడిచి కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఫిరంగుల ముందు దాడి నిలవలేదు. కుంఫిణీ మాత్రం రెండు పాఠాలు నేర్చుకుంది. తెల్ల పటాలాలు విడిగా, దిట్టంగా ఉండాలి. ఆరాధనకు తుపాకీ తీసుకునే వెళ్లాలి. ఉత్తరాది కంటోన్మెంట్ చర్చిలు కొన్నింటిలో కూర్చునే బల్లలకు తుపాకీ ఆనించే గాడులు ఇప్పటికీ కనిపిస్తాయి. ప్రార్థన చేసే చేతికి అందేంత దూరంలో తూటా నింపిన తుపాకీ! మధ్యయుగపు ఇంగ్లండులోనూ ఊరి గుడి బురుజు కష్టకాలంలో కోటగా అక్కరకొచ్చింది, ముఖ్యంగా స్కాట్లండ్ సరిహద్దున. ఆ పాత పని ఇక్కడ మరోలా తిరిగొచ్చింది.

మొదటి పాఠం ఫలితం తిరుమలగిరి. దొరల నోట ట్రిమల్‌గెర్రీ. తెల్ల పటాలాల కోసం అక్కడ బారకులు, ఆసుపత్రి, జైలు లేచాయి. ఆల్ సెయింట్స్ చర్చి 1860 నాటిది. గోథిక్ తీరు అప్పటికి మోజు దాటి మామూలైపోయింది. చర్చి అంటే ఇలాగే ఉంటుంది అనేంతగా. ఆదివారం చర్చి పెరేడ్ తప్పనిసరి. బూట్లు మెరవాలి, గుండీలు మెరవాలి, వరసలో నడవాలి. బ్రిటిష్ సైన్యంలో ఈ నిర్బంధం 1946 దాకా తొలగలేదు.

ఊరి గుడికి వెళ్లకపోతే ఒకప్పుడు ఇంగ్లండులోనూ జరిమానాలు పడేవి. పటాలంలో మాత్రం అది హాజరు పట్టీ.

పుస్తకాలు, పలకలు

1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ప్రతి పారిష్‌లో ఒక పుస్తకం పెట్టి బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు వారం వారం రాయాలని. పన్ను కోసమేనని జనం గొణిగారు. ఇంగ్లండు సామాన్యుడి చరిత్ర మాత్రం ఆ పుస్తకాల్లోనే బతికింది.

ఆ అలవాటు దండుతో పాటు సికింద్రాబాద్‌కు వచ్చింది. చాప్లిన్ రాసిన పద్దులకు నకళ్లు మద్రాసుకు, అక్కడి నుంచి లండన్‌కు వెళ్లేవి. బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు ప్రెసిడెన్సీ పద్దుల్లో అవి భద్రంగా ఉన్నాయి. ముత్తాత ఎక్కడ పుట్టాడో వెతుక్కునే ఇంగ్లిష్ కుటుంబాలు ఇవాళ ఆ పుటలు తిప్పుతున్నాయి. కంటోన్మెంట్ చర్చిల గోడల మీది పాలరాతి పలకలు, సమాధుల తోటల్లోని రాళ్లు వాటికి తోడు. అలాంటి రాళ్ల మీద వయసులు చదువుతూ పోతే అర్థమవుతుంది. ఎక్కువమందిని తీసుకెళ్లింది యుద్ధం కాదు, జ్వరం, కలరా. ఆ జ్వరాల్లో ఒకదాని గుట్టు దోమ కడుపులో ఉందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది కూడా ఈ సికింద్రాబాద్‌లోనే. సెయింట్ జాన్స్ లేచిన 84 ఏళ్లకు.

తిరుమలగిరి నుంచి మెదక్‌కు

1895లో చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మెథడిస్టు పాదిరి సికింద్రాబాద్‌లో దిగారు. పని తిరుమలగిరి తెల్ల సిపాయిల మధ్య. ఆ పని ఆయనకు రుచించలేదు. ఏడాది తిరిగేసరికి మెదక్ పల్లెల దారి పట్టారు. దండు చర్చి నుంచి ఊరి చర్చికి నడిచిన దారి అది.

మెదక్ చర్చి పని 1914లో మొదలై పదేళ్లు సాగింది. కరువు రోజులు. కూలీ దొరికిన చోట తిండి దొరికింది. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, సుమారు 175 అడుగుల బురుజు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. పూజిన్ చూసి ఉంటే మెచ్చుకునే గోథిక్. రాయి మాత్రం మన గ్రానైట్, కట్టిన చేతులు మన పల్లెలవి. క్రిస్మస్‌కు అక్కడ గుమిగూడే జనంలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు.

దోర్నకల్‌లో ఇంకో అడుగు పడింది. తిరునెల్వేలి జిల్లాలో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయ్యారు. తన ప్రధాన చర్చికి మొన కమానుల ఇంగ్లిష్ నక్షా వద్దనుకున్నారు. మండపపు స్తంభాలు, గుమ్మటాలు, మినార్లు కలిసిన కట్టడం లేపారు. 1939 జనవరి 6న అది ఆరాధనకు తెరుచుకుంది. 1813లో బిషప్ లేకుండా మొదలైన కథ తెలుగు నేల మీద 126 ఏళ్లలో చేరిన చోటు అది.

దండు వెళ్లాక

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ చర్చిలో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇతరులు ఒకటయ్యారు. తెల్ల పటాలాలు అప్పటికే సామాన్లు సర్దుతున్నాయి. మరుసటి ఏడాది సెప్టెంబరులో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. దండు చర్చిలకు దండు లేకుండా పోయింది.

కట్టడాలు ఖాళీగా పడి ఉండాల్సింది. ఉండలేదు. సెయింట్ జాన్స్, హోలీ ట్రినిటీ, ఆల్ సెయింట్స్ మూడూ సి.ఎస్.ఐ. మెదక్ అధ్యక్ష మండలం కిందికి వచ్చాయి. మద్రాసు సైన్యం వెంట తరాల కిందట వచ్చి లష్కర్‌లో స్థిరపడ్డ తమిళ కుటుంబాలు ఆల్ సెయింట్స్‌ను తమ సంఘం చేసుకున్నాయి. అధికారులు కూర్చున్న బల్లల మీద గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు, నర్సులు, టీచర్లు కూర్చున్నారు. సున్నం రాలితే చందా ఎత్తేది వాళ్లే. కప్పు కారితే కమిటీ కూర్చునేది వాళ్లే. బాప్తిస్మపు పుస్తకంలో ఇప్పుడు రాసే పేర్లు వాళ్ల మనవలవి.

పారిష్ అనే మాటకు మధ్యయుగపు ఇంగ్లండులో ఉన్న అర్థం ఇదే: కప్పు కారితే ఎవరిది బాధ్యత? ఆ లెక్కన బొల్లారం, తిరుమలగిరి, మారేడ్‌పల్లి చర్చిలు కట్టిన రోజున ఊరి గుళ్లు కావు. గోథిక్ కిటికీ ఎంత అచ్చుగుద్దినట్టున్నా, అవి పటాలపు సామాను. ఇంగ్లిష్‌వాళ్లు వెళ్లాకే అవి అసలైన ఇంగ్లిష్ ఊరి గుళ్లలా బతకడం నేర్చుకున్నాయి.

మూడిటినీ ఒక్క పూటలో చూడొచ్చు. మారేడ్‌పల్లి వైపు సెయింట్ జాన్స్‌లో మొదలుపెట్టి, తిరుమలగిరి మీదుగా బొల్లారం చేరితే సరి. ఆదివారం ఆరాధన అయ్యేదాకా ఆగి, అడిగి లోపలికి వెళ్లండి. తూర్పు గోడ కిటికీ చూడండి, గుమ్మం దగ్గర తొట్టి ఎక్కడుందో చూడండి, పలకల మీది వయసులు చదవండి. మీ ఇంట్లో పాత బాప్తిస్మపు కాగితమో, కంటోన్మెంట్ చర్చి ముందు దిగిన పెళ్లి ఫొటోనో ఉంటే వెనక తేదీ, పేర్లు ఇవాళే రాసి పెట్టండి.

వచ్చే భాగం: తిరుమలగిరి మిలిటరీ జైలు.